తంజావూరి రాజుల యక్షగాన ప్రతులు

తంజావూరి కోటలో, పూర్వపు రాజభవనముల నడుమ, సరస్వతీమహలను గ్రంథాలయము కలదు. నాయకరాజుల కాలమున దాని పేరు సరస్వతీభాండారము. వారి వెనుక వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు దానిని కాపాడి పెంచిరి. వారిలో 1798 మొదలు 1832 వరకు సింహాసనమున నున్న రెండవ శరభోజి మహారాజు పుస్తకములపై ప్రాణము పెట్టుకొన్నవాడు. కాశీయాత్రకు పోయియు ఆయన వ్రాతప్రతులనే మూటలు కట్టించి తెచ్చెనని చెప్పుదురు. 1918లో ఈ భాండారము సర్వజనులకు తెరువబడినది. 1983లో జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా కేంద్రప్రభుత్వము దీనిని గుర్తించినది.

అచ్చటి వ్రాతప్రతులలో అత్యధికము సంస్కృతము. బర్నెల్ దొర 1880లో ప్రకటించిన పట్టికయు ఆ సంస్కృత గ్రంథములకే. తంజావూరికి పోవు పండితుడు సాధారణముగా తర్కమునకో, మీమాంసకో, ధర్మశాస్త్రమునకో పోవును. తెలుగు ప్రతులు 800 పైచిలుకు మాత్రమే. ఆ కొద్దిలోనే మన సారస్వతమున మరెక్కడను దొరకని సొత్తు ఒకటి యున్నది. రాజులు స్వయముగా వ్రాసినవియు, వారి కొలువులోని కవులు, కవయిత్రులు వ్రాసినవియు, రాజసభలో ఆడి పాడుటకై పుట్టినవియు నగు యక్షగానములవి. వానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటకే నేటి నా ప్రసంగము.

యక్షగానమనగా నేమి? కథ యంతయు పాటగా నడచు నాటకము. పాశ్చాత్యులు ఆపెరా అని పిలుచు దానికి మన దేశమున దగ్గరి చుట్టము. ఇందు దరువులుండును, ద్విపదలుండును, కందార్థములు, చూర్ణికలు, అర్ధచంద్రికలు, ఏలలు, ధవళములు, శోభనములు ఉండును, నడుమనడుమ కథను అతుకుటకు వచనముండును, తుదకు మంగళహారతి. పాల్కురికి సోమనాథుని నాటికే యక్షగానపు పేరు వినబడుచున్నది. శ్రీనాథుడు భీమఖండమున దానిని స్మరించినాడు. పదునారవ శతాబ్దమున కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయము వ్రాసెను. 1656 నాటి అప్పకవీయము రగడలనుండి యక్షగానపు పాటలు పుట్టు తీరును లక్షణబద్ధము చేసినది. ఇంతటి వంశము కలిగియు పండితుల పంక్తిలో దీనికి విస్తరి వేసినవారు తక్కువ. ఇది జక్కులవారి పాట, వీధిలోని ఆట, అని యొక చిన్నచూపు.

నేను భాషాప్రవీణకు చదివిన దినములలో వసుచరిత్రమునకు వ్యాఖ్యానము వల్లెవేసితిమి; పారిజాతాపహరణమును కంఠస్థము చేసితిమి. యక్షగానము ఒక్క పుటయైనను మా పాఠములో లేదు. ఒకనాడు నేనడుగగా మా గురువుగారు, "యక్షగానము చదువుటకు పండితుడెందులకురా, మద్దెలగాడు చాలును" అనిరి. ఆ మాటలోని ఎత్తిపొడుపును పెరికివేసినచో మిగిలినది అక్షరాల సత్యము. అదెట్లు సత్యమో నాకు ఉద్యోగవిరమణానంతరము తంజావూరిలో తాటాకుల యెదుట కూర్చున్నప్పుడు తెలిసినది.

ఆకుల కట్టలతో పాటు గుడ్డమూటలుంచుట అచ్చటి ఆచారము. వస, మిరియములు, లవంగములు, దాల్చినచెక్క మొదలగువానిని పొడిచేసి కర్పూరము కలిపి కట్టిన మూటలవి, పురుగు దరిచేరదు. కట్ట విప్పగానే ముందుగా పలుకరించునది ఆ వాసనయే. ఆకు మీద అక్షరములు ఎడము లేక సాగిపోవుచుండును. పదమెచ్చట ముగిసినదో, పాదమెచ్చట విరిగినదో చదువువాడే కనుగొనవలెను. ద్విపద వచ్చినచో చిక్కులేదు. ఆ నడక మన నాలుకకు పుట్టుకతో వచ్చినది. దరువు వచ్చినచో నడక తప్పును. ముందు రాగము పేరు, దాని వెంట తాళము పేరు. అటు పిమ్మట సాహిత్యము. పల్లవి యొకమారు పూర్తిగ నుండును. చరణము ముగిసిన చోట తరచుగా పల్లవిలోని మొదటి మాట మాత్రము వ్రాసి విడిచిపెట్టుదురు. తెలిసినవాడు అందుకొని పాడునని లేఖకుని ధీమా.

కంటితో చదివినప్పుడు ఆ దరువులు చప్పగా నుండుమాట నిజము. చెప్పినదే చెప్పుట, సంబోధనలు మరల మరల వచ్చుట, సంధి జరుగవలసిన చోట జరుగక నిలుచుట, హ్రస్వముండవలసిన చోట దీర్ఘము. ముప్పదియేండ్లు పిల్లల వ్యాసములకు ఎఱ్ఱసిరా దిద్దిన చేయి ఊరకుండునా? మనస్సులోనే దిద్దుటకు మొదలుపెట్టితిని. ఇంతలో ఆ దరువుపైనున్న జంపె యను మాట కంటబడినది. బల్ల మీద వ్రేళ్లతో సద్దు కాకుండ పది మాత్రలు లెక్కించుచు అదే పంక్తిని మరల చదివితిని. సంధి విడిచిన తావు సరిగా తాళపు దెబ్బ పడు తావు. సాగదీసిన దీర్ఘము రెండవ అయిదు మాత్రలను నింపుచున్నది. చెప్పినదే చెప్పిన మాట, నర్తకి ఈ కొననుండి ఆ కొనకు పోయి మరలుటకు కావలసిన వ్యవధి. దిద్దవలసినది ఒక్క అక్షరమును లేదు. అప్పకవి యొక్క జంపె, త్రిపుట, ఏక, ఆట తాళపు రగడలు నాకు పరీక్షకు వల్లించిన లక్షణములు. అవి మనుష్యుల కాళ్లకు కొలిచి కుట్టిన చెప్పులని ఆనాడు కాని నాకు బోధపడలేదు.

ఇక ఈ కృతులను వ్రాసినవారెవరు? విద్యానగరపు వెలుగు మలిగిన తరువాత మన కవిత దక్షిణమున తలదాచుకొన్న ఇల్లు తంజావూరు. రఘునాథనాయకుడు స్వయముగా కవి, వైణికుడు. ఆయన కుమారుడు విజయరాఘవుడు సుమారు నలువదేండ్లు రాజ్యమేలినాడు. రాజ్యతంత్రమున ఆయన దిట్టయని చరిత్రకారులెవరును చెప్పరు. కాని యక్షగానమును వీధినుండి కొలువుకూటమునకు చేయిపట్టి తోడ్కొనివచ్చిన ఘనత చాలవరకు ఆయనదే. ప్రహ్లాదచరిత్రము, పూతనాహరణము, కాళీయమర్దనము, విప్రనారాయణచరిత్రము ఆయన పేర నున్నవి. రఘునాథాభ్యుదయమున తన తండ్రినే నాయకుని చేసి, ఆయన దినచర్యను, చిత్రరేఖతోడి ప్రణయమును ఆడించినాడు. పురాణకథ లేదు, నిన్నమొన్న కన్నుమూసిన రాజే కథ. మన నాటకమునకు ఇది క్రొత్త పుంత.

కొడుకు తండ్రిని ఆడించగా, కవులు కొడుకును ఆడించిరి. కోనేటి దీక్షితచంద్రుడు విజయరాఘవకల్యాణము వ్రాసెను. కామరుసు వేంకటపతి సోమయాజి విజయరాఘవచంద్రికావిహారము వ్రాసెను. సింహాసనముపై కూర్చున్న రాజు ఎదుట రంగముపై తన వేషము ధరించిన పాత్ర వలపున వేగుచు పాడుచుండగా చూచుచుండును! దీనిని మెచ్చుటయా, నవ్వుటయా యని నేటి చదువరికి సంశయము కలుగవచ్చును. నాకు రెండును కలిగినవి. అయితే ఆ కొలువున నవ్వు నిషిద్ధము కాదు. పురుషోత్తమ దీక్షితుని తంజాపురాన్నదాన మహానాటకము రాజుగారి అన్నసత్రములోని సందడిని, తిండికై మూగిన వారి గొడవను హాస్యమునకు గురిచేసినది. దాత సమక్షముననే దానముపై పరిహాసము! నేటి సభలలో ఇట్టి చనువు దొరకునా యని అడుగబుద్ధియగును.

పసుపులేటి రంగాజమ్మను ప్రత్యేకముగ పేర్కొనవలెను. విజయరాఘవుని కొలువులోని విదుషీమణి. మన్నారుగుడి రాజగోపాలస్వామి భక్తుడగుటచే రాజునకు మన్నారుదాసుడని పేరు. ఆ మన్నారుదాసుడు కాంతిమతిని పెండ్లాడిన కథను ఆమె మన్నారుదాసవిలాసమను పేర ప్రబంధముగను రచించినది, యక్షగానముగను రచించినది. ఒకే చేయి, ఒకే కథ. ఒకటి చదువుటకు, రెండవది ఆడుటకు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి పాఠము చెప్పినచో ఏ లక్షణగ్రంథమును చెప్పలేని సంగతి విద్యార్థి ఒక్కదినములో నేర్చును: ప్రబంధమున పద్యమే తన సంగీతమును తాను మోసికొని తిరుగును, యక్షగానమున మాట సగము చోటును పాటకు, ఆటకు ఖాళీచేసి యుంచును. ఖాళీగా నుంచిన ఆ చోటునే మనవారు లోపమనిరి.

1673లో మధుర చొక్కనాథనాయకుని సేనలు తంజావూరిని పట్టినవి. విజయరాఘవుడు వార్ధక్యమున యుద్ధభూమిలో కూలెను, అంతఃపురము అగ్నిపాలయ్యెను. రెండు మూడేండ్లకే శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ ఆ సింహాసన మెక్కినాడు. తెలుగు పాటకు అంతటితో తెరపడునని ఎవరైనను తలతురు. జరిగినది వేరు. ఏకోజీ కుమారుడు షాహాజీ 1684 నుండి 1712 వరకు రాజ్యముచేసి, ఇరువది వరకు తెలుగు యక్షగానములు తన పేర నిలిపినాడు. ఇంటిభాష మరాఠీ, ప్రజల భాష తమిళము, కొలువులో పాడు భాష తెలుగు! 1693లో తిరువిశనల్లూరిని పండితులకు అగ్రహారమిచ్చిన ప్రభువు ఈయనయే. తిరువారూరి త్యాగేశుడు ఈయన ఇలవేల్పు. పార్వతి త్యాగేశుని విరహమున వేగి, పల్లకి నంపి ఆయనను రప్పించుకొను కథయే పల్లకీసేవాప్రబంధము. కిరాతవిలాసము, సీతాకల్యాణము, వల్లీకల్యాణము, రతికల్యాణము ఇత్యాదులు మరికొన్ని. సతీదానశూరమున మోరోభట్లను బ్రాహ్మణుడు తక్కువ కులముగా నాడెంచబడినవాని భార్యపై మనసుపడి, శిష్యుడు శాస్త్రములు వల్లించి వారించుచున్నను, వానికంటె పెద్ద శాస్త్రములు చెప్పి వాదించును. రాజు వ్రాసిన గ్రంథములలో ఇంత కొంటెతనమున్నది మన భాషలో అరుదు. ఆయన కొలువులోనే గిరిరాజకవి రాజమోహన కొరవంజి మొదలగువానిని రచించెను.

వీనిలో పెక్కింటిని తంజావూరి ప్రతులనుండి తీసి పండితులు అచ్చువేయించిరి. యస్వీ జోగారావుగారు 1961లో ప్రకటించిన ఆంధ్రయక్షగానవాఙ్మయచరిత్ర ఈ దారిలో పోవువారికి పెద్ద దీపస్తంభము. కావున గ్రంథము దక్కినది. సాహిత్యము దక్కినది. దక్కనిదేమి?

జర్మనీదేశమున డ్రెస్డెన్ నగరపు రాజాస్థానములో ఆడిన ఆపెరాల వ్రాతప్రతులు నేటికిని అచ్చటి గ్రంథాలయమున నున్నవి. అట్టి ప్రతిలో గాయకుడు పాడవలసిన స్వరము, ఫిడేలు వాయించువాడు వాయించవలసిన స్వరము, కొమ్ము ఊదువాడు ఊదవలసిన స్వరము, అన్నియు గీతల మీద గుర్తులతో నుండును. వ్రాసినవారును ఆడినవారును గతించి మూడువందలయేండ్లయినను, చదువనేర్చిన వాద్యబృందము దానిని ముందుంచుకొని పాట లేపవచ్చును. మన యక్షగాన ప్రతిలో రాగము పేరు, తాళము పేరు తప్ప స్వరము సాధారణముగ నుండదు. మనవారికి స్వరలేఖనము తెలియక కాదు. గీతములు, ఠాయములు, సూళాదులు స్వరములతో వ్రాసిన ప్రతులు అదే సరస్వతీమహలులో కలవు. నాటకమునకు మాత్రము వ్రాయలేదు. పాడువారు ప్రతిదినము కన్నుల యెదుట నుండగా కాగితమున కెక్కించు అవసరమేమి? ఇంటిలో అమ్మ యుండగా అన్నము వండు విధము వ్రాసికొందుమా?

రాగము పేరున్నది కదా, ఆ రాగమున పాడుకొనరాదా యని ప్రశ్న వచ్చును. ఒక్క ఉదాహరణము చెప్పెదను. విజయరాఘవుని కాలముననే వేంకటమఖి చతుర్దండిప్రకాశికను రచించెను. అందలి పందొమ్మిది మేళములలో మొదటిది ముఖారి. అది అన్నియు శుద్ధస్వరములే గల మేళము; నేటివారు కనకాంగి యను స్థానమున నున్నది. నేడు కచేరీలలో పాడు ముఖారి ఖరహరప్రియ సంతతి. పేరొకటి, ప్రాణమొకటి. నాయకరాజుల నాటి దరువుపై ముఖారియని చూచి నేటి ముఖారిలో పాడినచో, తాతగారి పేరు పెట్టుకొన్న మనుమని చూచి తాతగారితో మాటలాడితినని సంతోషించినట్లుండును. శాస్త్రగ్రంథము చెప్పిన ముఖారినే నాటి నర్తకులును పాడిరా యనునది మరల వేరొక చిక్కు. శాస్త్రము, ప్రయోగము ఎల్లప్పుడును ఒకే బండిలో ప్రయాణము చేయవు.

మా ఊరిలో హరికథలు చెప్పు భాగవతులవారొకరు నాకు చిరకాలమిత్రులు. షాహాజీ దరువొకటి వ్రాసికొని పోయి పాడుమని కోరితిని. రాగము చూచి, తాళము చూచి, ఒక వరుసలో పాడిరి, బాగుగ నున్నది. ఇంకొక వరుసలో పాడిరి, అదియు నొప్పినది. సాయంకాలమునకు నాలుగు వరుసలైనవి. వీనిలో షాహాజీది ఏదండీ యని నేనడుగగా ఆయన నవ్వి, "తాళమొక్కటే ఆయనది పంతులుగారూ, తక్కినదంతయు నాది" అనిరి. ఇంతటి నిజాయితీ గల విమర్శ నేను పుస్తకములలో చూడలేదు.

అట్లని నిరాశ పడనక్కరలేదు. ఆధారములు రెండు దిక్కుల నున్నవి. మొదటిది ఆ గ్రంథాలయమే. షాహాజీ పేర తెలుగు వచనమున రాగలక్షణమను గ్రంథమొకటి కలదు. ఏ రాగమున ఏ స్వరములు ఎట్లు కూడునో నాటి ప్రయోగములనుండి తునుకలు చూపుచు చెప్పినది. రాజు వ్రాసిన నాటకమును రాజు చెప్పిన రాగలక్షణముతోనే పరిశీలింపవచ్చును. ఆయన సోదరుడు తుళజాజీ రచించిన సంగీతసారామృతము దానికి తోడు. తంజావూరి సంగీతచరిత్రను గూర్చి ఎస్. సీత గారు 1981లో వెలువరించిన గ్రంథము చదివినవారికి ఈ దారి ఎంత దూరము పోవునో తెలియును. పల్లకీసేవాప్రబంధమును పి. సాంబమూర్తిగారు 1955లో అచ్చువేయించినారు. తిరువారూరి ఆలయమున ఆ సేవ చేసిన నర్తకీమణుల కుటుంబములు ఆ పాటలను పరంపరగా నిలుపుకొన్నవారు. దేవాలయపు ముంగిట పాట యెంతకాలము బ్రదికినదో ఆలోచింపుడు. కొలువుకూటములోని పాట అంతకాలము బ్రదుకలేదు. రాజు పోయిన వెంటనే కొలువు పోవును. దేవుడు గుడి విడిచి పోడు.

రెండవ ఆధారమును ఈ గుడి సంగతియే చూపుచున్నది. తంజావూరికి 18 కిలోమీటర్ల ప్రాంతమున మేలట్టూరు అను గ్రామము కలదు. అచ్యుతప్పనాయకుడు ఐదువందల పైచిలుకు కుటుంబములకు ఇండ్లు, పొలములు ఇచ్చి నిలిపిన అగ్రహారమని ప్రతీతి. అచ్చట పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వెలసిన వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ మొదలగు నాటకములను తెలుగున రచించెను. అవి నేటికిని నృసింహజయంతి సమయమున వరదరాజస్వామి గుడి యెదుటి వీధిలో ఆడబడుచున్నవి. అందరును పురుషులే, ఆడువేషములును వారివే. చుట్టునున్నది తమిళదేశము. ఆడువారిలో చాలమందికి తెలుగు లిపి చదువ రాదు. సాహిత్యమును తమిళాక్షరములలో వ్రాసికొని వల్లింతురు.

వేంకటరామశాస్త్రి నాటకము షాహాజీ యక్షగానము కాదు, నూరేండ్ల యెడమున్నది. అయినను పాత్రప్రవేశదరువు, వర్ణనదరువు, ఉత్తరప్రత్యుత్తరదరువు అను ఆ కట్టు కొలువుకూటములోని కట్టునకు తోబుట్టువు. ప్రతిలో నాలుగు పంక్తులుగ నుండు ప్రవేశదరువు రంగముపై ఎంతసేపు నడచునో, ఏ మాట యెన్నిమార్లు తిరుగునో, మద్దెల ఎక్కడ అందుకొనునో, తాటాకును చదివినవాడు కనులార చూచుటకు ఇంతకంటె మంచి చోటు లేదు.

నేను పోయిన సంవత్సరము ప్రహ్లాదచరిత్రము రాత్రి మొదలై తెల్లవారువరకు జరిగినది. ముందు కోణంగి వచ్చి గంతులు వేసినాడు. పిదప ఏనుగు మొగము తొడిగిన బాలుడు గణపతియై వచ్చినాడు. చివరి జామున నరసింహుని వేషము. ఆ మొగము గుడిలో పూజలందుకొనునది. ధరించువాడు ఉపవాసముండి ధరించును. ఆవేశమున హిరణ్యకశిపునిపై పడకుండ మనుష్యులు పట్టుకొని నిలుతురు. జనులందరును అటే చూచుచుండగా, నేను పాడువారి గుంపు దగ్గరకు జరిగి కూర్చుంటిని. హిరణ్యకశిపుడును ప్రహ్లాదుడును వాదులాడు దరువులో ఒక పడుచువాడు మాట చివరి దీర్ఘమును తొందరపడి కత్తిరించినాడు. ప్రక్కనున్న వృద్ధుడు వానివైపు తిరుగనైన తిరుగక, తొడపై తాళము వేయుచు ఆ దీర్ఘమును తానందుకొని, రెండు దెబ్బలు నిలిపి, మరల వానికే అప్పగించినాడు. తరువాతి చరణమున పడుచువాడు ఆ దీర్ఘమును తప్పక నిలిపినాడు.